గీతకు ముందు మాట

2002 నుంచి పదేళ్ళపాటు కాలిఫోర్నియా తీరంలో ఒక వింత కాంగ్రెస్ నియోజకవర్గం ఉండేది. నంబరు 23. సాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీ ఉత్తరపు కొసన మొదలై, శాంటా బార్బరా మీదుగా, వెంచురా కౌంటీలోని ఆక్స్‌నార్డ్ దాకా సుమారు 200 మైళ్ళు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయేది. కొన్నిచోట్ల ఎంత సన్నగా ఉండేదంటే, సముద్రం పోటెత్తితే నియోజకవర్గమే మాయమవుతుందని జనం నవ్వుకునేవారు. ‘సిగ్గుచేటు రిబ్బను’ అని పేరుపడింది. తీరం వెంట డెమోక్రాట్ల ఓట్లు ఎక్కువ, లోపలి పొలాల వైపు రిపబ్లికన్ల ఓట్లు ఎక్కువ. రిబ్బను ఆ రెంటినీ విడదీసింది. తీరం సీటు వీళ్ళకు ఖాయం, లోపలి సీటు వాళ్ళకు ఖాయం.

ఆ పటం గీసినవాళ్ళు పని తెలియనివాళ్ళనుకుంటే పొరపాటు. 2001లో శాసనసభలోని రెండు పార్టీలూ కూడబలుక్కుని, పదవుల్లో ఉన్నవాళ్ళంతా ఉన్నచోటే మళ్ళీ గెలిచేలా సరిహద్దులు వేయించుకున్నాయి. డెమోక్రాట్ల తరఫున గీసిన మైకేల్ బెర్మన్ ఆ విద్యలో ఆరితేరినవాడు. కాంగ్రెస్ సభ్యుడు హోవర్డ్ బెర్మన్‌కు సొంత తమ్ముడు. ఆయన సేవలకు ఆ పార్టీ కాంగ్రెస్ సభ్యులు తలా 20 వేల డాలర్లు ఇచ్చుకున్నారని అప్పటి పత్రికలు రాశాయి. పెట్టుబడి వృథా పోలేదు. ఆ పటం మీద ఐదుసార్లు ఎన్నికలు జరిగాయి. మొత్తం 265 పోటీల్లో ఒక పార్టీ చేతి నుంచి మరో పార్టీ చేతికి మారిన సీటు ఒకే ఒక్కటి.

దీనికి విరుగుడుగా అక్కడే తయారైన ఇంకో పనితనాన్ని పరిచయం చేయాలని ఈ వ్యాసం. 2008 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు 11వ ప్రతిపాదన అనే దాన్ని బొటాబొటి మెజారిటీతో గట్టెక్కించారు. రాష్ట్ర అసెంబ్లీ, సెనేట్ సరిహద్దులు గీసే అధికారాన్ని శాసనసభ నుంచి తీసి 14 మంది పౌరులకు ఇచ్చారు. రెండేళ్ళకు 20వ ప్రతిపాదనతో కాంగ్రెస్ సీట్లనూ వాళ్ళకే అప్పగించారు. ఈసారి మెజారిటీ గట్టిగానే వచ్చింది. అంతకుముందు 2005లో గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ ఈ పనిని రిటైర్డ్ జడ్జీలకు ఇద్దామని అడిగితే ఇదే ఓటర్లు ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతిలో పెట్టడానికి ఇష్టపడని జనం, ముక్కూమొహం తెలియని తోటి పౌరుల చేతిలో పెట్టడానికి సిద్ధపడ్డారన్నమాట.

ఆ 14 మందిని ఏరే పద్ధతి గురించి చాలామంది రాశారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. దరఖాస్తు అర్హత ఉన్న ఏ ఓటరైనా పెట్టుకోవచ్చు. మొదటిసారి 30 వేల మందికి పైగా పెట్టుకున్నారు. గత పదేళ్ళలో తనుగానీ దగ్గరి కుటుంబసభ్యులుగానీ పోటీ చేసి ఉన్నా, పార్టీ ఉద్యోగం, లాబీయింగ్ చేసి ఉన్నా, ఏ ఏడాదైనా ఒక అభ్యర్థికి 2 వేల డాలర్లు విరాళమిచ్చి ఉన్నా అనర్హులు. వడపోత చేసేది రాష్ట్ర ఆడిటర్ కార్యాలయం. డెమోక్రాట్లు 20, రిపబ్లికన్లు 20, ఏ పెద్ద పార్టీకీ చెందనివాళ్ళు 20, అలా 60 మంది మిగులుతారు. అక్కడ శాసనసభ నాయకులు నలుగురికి కొన్ని పేర్లు కొట్టేసే హక్కుంది. ఒక్క పేరు కూడా చేర్చే హక్కు మాత్రం లేదు. మిగిలినవాళ్ళలోంచి తొలి ఎనిమిది మందిని లాటరీ తీస్తారు. మన దగ్గర ప్రభుత్వం లాటరీ తీస్తుందంటే గుర్తొచ్చేది మద్యం దుకాణాలే. 2010 నవంబరు 18న శాక్రమెంటోలో మాత్రం గుండ్రంగా తిరిగే పంజరంలో నంబర్ల బంతులు వేసి, రాష్ట్రం మొత్తానికి సరిహద్దులు గీసేవాళ్ళను తీశారు. ఆ ఎనిమిది మందీ కలిసి మరో ఆరుగురిని ఎంచుకున్నారు. చివరికి ఒక పుస్తకాల దుకాణం యజమాని, ఒక ఆర్కిటెక్టు, ఒక కైరోప్రాక్టర్, ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు, వీళ్ళ మధ్య ఒకప్పుడు అమెరికా జనగణన శాఖకే అధిపతిగా చేసిన విన్సెంట్ బరాబా. పటం నెగ్గాలంటే తొమ్మిది ఓట్లు కావాలి. మూడు వర్గాల్లో ప్రతిదాన్నుంచీ కనీసం మూడు ఉండాలి. ఏ వర్గమూ ఇంకోదాన్ని తొక్కేసి ముందుకు పోలేదు.

ఇంతవరకూ చూసినవాళ్ళు ‘రాజకీయ నాయకుల్ని పక్కన పెట్టారు, శభాష్’ అని ఆగిపోతారు. నాకు ఇంతకన్నా మెచ్చుకోదగ్గవి లోపల, చట్టం వాక్యాల్లో కనిపిస్తాయి. కమిషన్‌లో కూర్చున్నది 14 మందే. మిగతా మూడు కోట్ల డెబ్భై లక్షల మందికి ఈ పనిలో చోటెక్కడ? ఆ చోటును చట్టం ఎంత జాగ్రత్తగా కట్టిందో చూడాలి.

బహిరంగ విచారణల గురించిన నిబంధన ఒకటుంది. జనం మాట వినడానికి సభలు పెట్టాలని అది చెబుతుంది. ఎన్నడు? కమిషన్ ఏ పటమూ గీయకముందు కొన్ని, గీసి చూపించాక మరికొన్ని. ఆ మొదటి సగంలోనే ఉంది కీలకమంతా. పటం గీసేశాక అభిప్రాయం అడిగితే మనిషి చేయగలిగేది ఒక్కటే, అభ్యంతరం చెప్పడం. పెన్సిలు ఇంకా కాగితం మీద పడకముందే అడిగితే అదే మనిషి తన ఊరి గురించి చెబుతాడు. ఏ రోడ్డు దాటితే మరో లోకం మొదలవుతుందో, పిల్లలు ఏ బడికి పోతారో, జ్వరమొస్తే ఏ ఆస్పత్రికి పరిగెత్తుతారో, వాన ముంచెత్తితే ఏ కాలువ తమ వీధుల మీదికి పొంగుతుందో చెబుతాడు. మొదటి పద్ధతిలో వచ్చేవి ఫిర్యాదులు. రెండో పద్ధతిలో వచ్చేది ముడిసరుకు.

2011లో ఆ ముడిసరుకు కుప్పలుగా వచ్చి పడింది. 32 ఊళ్ళలో 34 విచారణలు జరిగాయి. 2,700 మందికి పైగా మైకు ముందుకొచ్చి మాట్లాడారు. రాతపూర్వకంగా 20 వేలకు పైగా వినతులు చేరాయి. ఒక్కొక్కరికీ దక్కింది కొద్ది నిమిషాలే. దాన్ని పనికొచ్చేలా మలిచింది చట్టంలోనే ఉన్న మరో వాక్యం.

రాష్ట్ర రాజ్యాంగం 21వ అధికరణం, సరిహద్దులు గీసేటప్పుడు పాటించాల్సినవాటిని వరుస క్రమంలో పెట్టింది. జనాభా సమానం, మైనారిటీల ఓటుహక్కును కాపాడే కేంద్ర చట్టం, తెగిపోకుండా ఒకే భూభాగంగా ఉండటం. ఇవి మూడూ అయ్యాక నాలుగోది: నగరాలు, కౌంటీలు, పేటలు, ఉమ్మడి ప్రయోజనాలున్న స్థానిక సమాజాలు, వీటిని వీలైనంత తక్కువ ముక్కలు చేయాలి. నగరానికీ కౌంటీకీ ప్రభుత్వ రికార్డుల్లో హద్దులుంటాయి. ‘ఉమ్మడి ప్రయోజనాలున్న సమాజం’ హద్దు ఏ ఆఫీసు బీరువాలోనూ ఉండదు. అందుకే అధికరణం దానికి నిర్వచనం ఇచ్చింది: ఒకేచోట ఆనుకుని ఉన్న జనం, వాళ్ళను కలిపే సామాజిక, ఆర్థిక ప్రయోజనాలు. ఉదాహరణలూ ఇచ్చింది. పట్టణమా, పల్లెనా, పరిశ్రమల ప్రాంతమా, సాగు ప్రాంతమా. జీవన ప్రమాణం ఒకటేనా, ఒకే రవాణా మార్గాలు వాడతారా, ఒకే రకం పనులు దొరుకుతాయా, ఎన్నికల వార్తలు ఒకే పత్రికల్లో, ఒకే చానళ్ళలో వింటారా. ఆ జాబితా ముగిశాక ఒక గడియ వేసింది: పార్టీతోనో, పదవిలో ఉన్నవారితోనో, అభ్యర్థితోనో ఉన్న సంబంధం ఈ లెక్కలోకి రాదు.

ఈ నిర్వచనం రాసినవాళ్ళకు జనం ఎలా మాట్లాడతారో తెలుసు. ‘మా నాయకుడి సీటు కదపకండి’ అని చెప్పడానికి వచ్చినవాడికి ఇక్కడ మాట అందదు. చెప్పదలుచుకుంటే తన బస్సు గురించీ, పొలం గురించీ, పని గురించీ చెప్పాలి. కమిషన్ తెలుసుకోవలసిందీ అదే. మామూలు మనిషి రోజూ బతుకుతూ పోగుచేసుకున్న జ్ఞానాన్ని, ఏ డిగ్రీ అడగకుండా, రాజ్యాంగం సాక్ష్యంగా స్వీకరించే ఏర్పాటు ఇది. చట్టాల భాషలో ఇంత వినయం అరుదు.

తర్వాతి వాక్యం కూడా మెచ్చుకోదగ్గదే. నియోజకవర్గం పొందిగ్గా ఉండాలని చాలా చట్టాలు అంటాయి. ఎలా కొలవాలన్న దగ్గర పేచీ వస్తుంది. చుట్టుకొలతను వైశాల్యంతో పోల్చేవాళ్ళున్నారు, చుట్టూ వృత్తం గీసి చూసేవాళ్ళున్నారు. కాలిఫోర్నియా రాజ్యాంగం జ్యామితి జోలికే పోలేదు. దూరంగా ఉన్న జనం కోసం దగ్గరున్న జనాన్ని దాటుకుపోకూడదంది. అంతే. పక్కింటివాణ్ణి వదిలేసి పక్క ఊరివాణ్ణి పట్టుకొచ్చావా లేదా అన్నదే ప్రశ్న. ఆ వాక్యం ముందు సిగ్గుచేటు రిబ్బను ఒక్క క్షణం నిలవదు. నిలవలేదు కూడా. 2011 పటంలో సాన్ లూయిస్ ఒబిస్పో, శాంటా బార్బరా కౌంటీలు తీరమూ పొలాలూ కలిసి, పూర్తిగా ఒకే నియోజకవర్గంలోకి వచ్చాయి. రిబ్బను సీటు నుంచి గెలుస్తూ వచ్చిన లోయిస్ క్యాప్స్ మరుసటి ఏడాది కొత్త సీటులో గట్టి పోటీ ఎదుర్కొని మళ్ళీ గెలిచారు. గీత ఆమెను ఓడించడానికి గీసింది కాదు, గెలిపించడానికీ కాదు.

ఇక మూసిన గదుల సంగతి. బహిరంగ విచారణలో తప్ప బయట ఎవరితోనూ సరిహద్దుల విషయం మాట్లాడకూడదు, ఎవరైనా మాట్లాడితే వినకూడదు. కమిషన్ సభ్యులకే కాదు, సిబ్బందికీ ఇదే నియమం. పెళ్ళిలో పక్కన కూర్చున్న ఎమ్మెల్యే ‘ఆ నాలుగు వీధులూ కాస్త చూడండి’ అని చెవిలో వేయడానికి లేదు. చెప్పాల్సింది ఉంటే ఆయనా వరుసలో నిలబడి, మైకు దగ్గరికొచ్చి, అందరి ముందూ చెప్పుకోవాలి. గీత గీయడం కూడా జనం ముందే. సభ్యులు మాట్లాడుకుంటుంటే, సాంకేతిక నిపుణులు తెర మీద గీత జరుపుతారు. జరిపిన ప్రతిసారీ జనాభా అంకె మారుతుంది. ఒకచోట వెయ్యి మందిని కలిపితే ఇంకోచోట వెయ్యి మందిని వదులుకోవాలి. 2011లో ఒక్కో కాంగ్రెస్ సీటుకు 7,02,905 మంది ఉండాలి. తేడా ఒక్క మనిషికి మించకుండా చూసుకున్నారు. ఆ గంటల తరబడి చర్చ వీడియోలో చూసేవాళ్ళకు నీరసంగానే ఉంటుంది. నీరసంగా ఉండటమే దాని గొప్ప. రాష్ట్ర రాజకీయం మొత్తాన్ని తిరగరాసే పని ఒక మునిసిపల్ సమావేశంలా సాగింది.

ఇంకో రెండు ఏర్పాట్లున్నాయి. కమిషన్ దగ్గరున్న జనాభా డేటా, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ జనానికీ సులువుగా అందాలని చట్టం శాసనసభను ఆదేశించింది. 2021 నాటికి ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద తన సమాజం హద్దులు తనే గీసి పంపే ఏర్పాటు వచ్చింది. రెండోది: తుది పటంతోపాటు, ఏ ప్రమాణాన్ని ఎలా పాటించారో కారణాలు చెబుతూ నివేదిక రాయాలి. కారణం రాయాల్సి వస్తుందని తెలిసిన చేయి గీత గీసే తీరే వేరు.

ఇన్ని నియమాలున్నా గీత దానంతటది పడదు. తగవు వచ్చే చోటు వస్తుంది. 2011లో అలాంటి చోటు గోల్డెన్ గేట్ వంతెన. దక్షిణాన శాన్‌ఫ్రాన్సిస్కో, నీళ్ళకు అటువైపు మారిన్ కౌంటీ. 1980ల మొదట్లో ఫిల్ బర్టన్ అనే రాజకీయ దిగ్గజం తమ్ముడి కోసం శాన్‌ఫ్రాన్సిస్కో ముక్కనూ, మారిన్‌నూ, దూరంగా ఉన్న వాలేహోనూ నీళ్ళ మీదుగా కలిపి ఒక సీటు సృష్టించాడు. ఆధునిక చిత్రకళకు తన వంతు సేవ అది అని తనే చెప్పుకున్నాడు. ఇప్పుడు పౌరుల కమిషన్ ముందుకు మళ్ళీ అదే నీళ్ళు వచ్చాయి. ఉత్తర తీరం వాళ్ళు వంతెన దాటొద్దన్నారు. తీరాన్ని లోపలి లోయలతో కలపొద్దన్నారు. కమిషన్ దాటలేదు. ఫలితంగా తయారైన రెండో నంబరు కాంగ్రెస్ సీటు మారిన్‌లో మొదలై, రెడ్‌వుడ్ అడవుల్లోంచి ఆరెగన్ సరిహద్దు దాకా పోయేది. వంతెన దగ్గర రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే ఉద్యోగికీ, ఉత్తరాన కలప మీదా చేపల మీదా బతికేవాడికీ ఒకే ప్రతినిధి. పటం మీద చూస్తే ఇదీ పొడవాటి తీరపు సీటే. రిబ్బనుతో తేడా ఏమిటంటే, దీన్ని ఎందుకు ఇలా గీశారో ఎవరు అడిగినా చూపించడానికి ఎదురుగా సాక్ష్యం ఉంది.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. 2008 పునర్విభజనలో పుట్టిన అరకు లోక్‌సభ స్థానం చూడండి. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం. అప్పటి లెక్కన శ్రీకాకుళం నుంచి తూర్పు గోదావరి దాకా నాలుగు జిల్లాలు. ఏజెన్సీని ఒకటిగా ఉంచడానికి చెల్లించిన మూల్యం ఆ దూరం. ఆ మూల్యం సరైనదేనని నా అభిప్రాయం. కానీ పాలకొండ మనిషీ రంపచోడవరం మనిషీ గీతకు ముందు కూర్చుని, మేం ఒకటేనా కాదా అని చెప్పుకునే వేదిక ఉంటే ఆ స్థానానికి ఇంకో బలం ఉండేది.

తెలుగువాళ్ళకు నేరుగా తగిలే ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దక్షిణపు ఒడ్డున ఉంది. ఫ్రీమాంట్, మిల్పిటాస్, సన్నీవేల్, కూపర్టినో, శాంటా క్లారా అన్న పేర్లు చెబితే మన కుటుంబాల్లో ఎవరో ఒకరి చిరునామా గుర్తొస్తుంది. 2011లో కమిషన్ వీటన్నిటినీ శాన్ హోసే ఉత్తర భాగంతో కలిపి 17వ నియోజకవర్గం చేసింది. కౌంటీ గీత దాటి మరీ కలిపింది. అమెరికా ప్రధాన భూభాగంలో ఆసియా సంతతివారు సగానికి మించి ఉన్న తొలి కాంగ్రెస్ నియోజకవర్గం అదే. పక్కనే బెరియెస్సా అనే పేట కథ ఇంకా చిన్నది, ఇంకా మంచిది. శాన్ హోసేలో ఆసియా వలసదారులు ఎక్కువగా ఉండే ఆ పేటను 2001 పటం నాలుగు అసెంబ్లీ స్థానాల మధ్య ముక్కలు చేసింది. బడి సమస్యతో ఏ సభ్యుడి దగ్గరికి పోవాలో తెలియని స్థితి. నలుగురిలో ఎవరికీ ఆ పేట ఓట్లు లెక్కలోకి వచ్చేవి కావు. పేటవాళ్ళు, వాళ్ళ తరఫు సంఘాలు దశాబ్దం తర్వాత ఆ మాట చెప్పుకున్నారు. 2011 పటం బెరియెస్సాను ఒకచోట చేర్చింది. అయితే 17వ సీటులో లెక్క కుదరడానికి ఒక కోత పడింది. ఫ్రీమాంట్, న్యూఆర్క్, యూనియన్ సిటీలను అక్కడివాళ్ళు మూడూ కలిపి ఒకే ప్రాంతంగా చెప్పుకుంటారు. మొదటి రెండూ 17లోకి వచ్చాయి, యూనియన్ సిటీ పక్క సీటుకు పోయింది. అందరి మాటా విన్నా అందరి మాటా చెల్లదు.

పదవిలో ఉన్నవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో చూడకూడదన్న నియమం కూడా ఉంది. చూడకపోవడం వల్ల కొన్నిచోట్ల ఇద్దరేసి సభ్యులు ఒకే గీత లోపల చిక్కుకున్నారు. సాన్ ఫెర్నాండో లోయలో అలా చిక్కుకున్న ఇద్దరూ డెమోక్రాట్లే. ఒకరు బ్రాడ్ షెర్మన్, రెండోవారు హోవర్డ్ బెర్మన్. అవును, పటాల మైకేల్ అన్నగారే. 2012 నవంబరులో ఆయన ఓడిపోయారు. దీన్ని ఎవరో పనిగట్టుకుని చేసి ఉంటే పగ అనుకోవచ్చు. ఎవరూ ఆయన ఇంటివైపు చూడకపోవడం వల్ల జరిగింది.

మెచ్చుకుంటున్నానని లోపాలు దాచను. 2011 డిసెంబరులో ప్రోపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తాసంస్థ ఒక సుదీర్ఘ కథనం వేసింది. డెమోక్రాట్ల తరఫువాళ్ళు స్థానిక సంఘాల ముసుగులో సాక్ష్యాలు చెప్పించి, తమకు పనికొచ్చే గీతలు వేయించుకున్నారని అందులో ఆరోపణ. పార్టీ పేరు ఎత్తకూడదంటే బస్సు పేరు ఎత్తి పార్టీ పని చేయించుకోవచ్చని తెలివైనవాళ్ళు కనిపెట్టకుండా ఉంటారా? మైకు ముందు నిలబడినవాడు పేటమనిషా, పంపినమనిషా అని తేల్చే యంత్రం ఏదీ లేదు. నాకు తోచేది ఒకటే: ఆ సాక్ష్యాలన్నీ రికార్డులో ఉండబట్టే విలేకరులు వాటిని తవ్వి చూడగలిగారు. 2001లో గదిలో జరిగిన బేరాలకు అలాంటి రికార్డు లేదు.

రిపబ్లికన్లకు సెనేట్ పటం మీద కోపం వచ్చింది. దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ సంతకాలు సేకరించారు. కోర్టుకూ వెళ్ళారు. ఈలోగా ఎన్నికలు కమిషన్ పటం ప్రకారమే జరగాలని 2012 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నవంబరులో ఓటర్లు దాదాపు 72 శాతం మద్దతుతో ఆ పటాన్నే ఖాయం చేశారు. మొదటి కమిషన్‌లో అసమ్మతి ఓట్లు పడ్డాయి. 2021లో రెండో కమిషన్ మాత్రం 14 మందీ ఒకే మాట మీద పటాలు నెగ్గించింది. ఈసారి రాష్ట్ర జైళ్ళలో ఉన్నవాళ్ళను జైలున్న ఊరి జనాభాలో కాకుండా, వాళ్ళ సొంత చిరునామాల్లో లెక్కపెట్టారు. పల్లెటూరి జైళ్ళ పుణ్యమా అని ఉబ్బిన అంకెలు తగ్గాయి.

మన 2002 డీలిమిటేషన్ చట్టాన్ని దీని పక్కన పెట్టి చదివితే ఆసక్తిగా ఉంటుంది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన కమిషన్, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ, 294 అసెంబ్లీ స్థానాల హద్దులు మార్చింది; 2009 ఎన్నికలు ఆ ప్రకారం జరిగాయి. తొమ్మిదో సెక్షన్‌లో మంచి మాటలే ఉన్నాయి. భౌగోళికంగా పొందిక, కొండలూ నదులూ, పాలనా విభాగాల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు. జనం మాటకూ చోటుంది. కమిషన్ తన ప్రతిపాదనలు ప్రచురించాలి, అభ్యంతరాలూ సూచనలూ పరిశీలించాలి, బహిరంగ సమావేశాలు జరపాలి, ఆ తర్వాతే ఉత్తర్వు. క్రమం గమనించారా? ముందు గీత, తర్వాత మాట. సభల్లో వినిపించేవన్నీ ‘మా మండలాన్ని అందులోంచి తీసి ఇందులో కలపండి’ అనే అర్జీలు కావడానికి కారణం జనం కాదు, ఆ క్రమం. గీతకు ముందు కమిషన్ పక్కన కూర్చునేది అసోసియేట్ సభ్యులు. రాష్ట్రానికి పది మంది. ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు. వాళ్ళకు ఓటు లేదు, ఉత్తర్వు మీద సంతకం లేదు, నిజమే. అయినా పెన్సిలు కదలకముందు గదిలో ఉన్నది వాళ్ళే. కాలిఫోర్నియా ఎవరిని గుమ్మం బయట నిలబెట్టిందో, మనం వాళ్ళను లోపలికి పిలిచి కుర్చీ వేశాం.

మన పద్ధతికీ ఒక బలముంది, దాన్ని తీసిపారేయకూడదు. రాష్ట్ర శాసనసభకు గీత మీద పెత్తనం లేదు. ఉత్తర్వు గెజెట్‌లో అచ్చయ్యాక, ఆ చట్టం ప్రకారం పార్లమెంటు కూడా దాన్ని సవరించడానికి లేదు. పార్టీలు తమ పటాలు తామే వేసుకునే అమెరికా రాష్ట్రాలతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. మనకు లోటున్నది ఆ ముందు మాట దగ్గరే. 2026 తర్వాతి తొలి జనగణన ఆధారంగా జరిగే పునర్విభజన గురించి మన దగ్గర చర్చంతా దక్షిణాదికి ఎన్ని సీట్లు తగ్గుతాయన్న దాని చుట్టే తిరుగుతోంది. తిరగాల్సిందే, అది పెద్ద విషయం. ఆ సీట్ల లోపలి గీతలు ఎవరి మాట విని గీస్తారన్న ప్రశ్న మాత్రం ఇంకా ఎవరి నోటా రావడం లేదు.

చివరిగా కాలిఫోర్నియాలోనే ఈ మధ్య జరిగినది. 2025లో టెక్సాస్ శాసనసభ జనగణన కోసం ఆగకుండా, రిపబ్లికన్లకు ఐదు కాంగ్రెస్ సీట్లు పెంచే లక్ష్యంతో పటం మార్చింది. జవాబుగా కాలిఫోర్నియా డెమోక్రాట్లు తమకు ఐదు పెంచే పటం తయారుచేసి, 50వ ప్రతిపాదనగా ఓటర్ల ముందు పెట్టారు. నవంబరు 4న దాదాపు 64 శాతం మంది ఔనన్నారు. కమిషన్ గీసిన కాంగ్రెస్ పటం 2026, 2028, 2030 ఎన్నికలకు పక్కకు పోయింది. కమిషన్‌ను మెచ్చుకునేవాళ్ళకు ఇది మింగుడుపడని ముద్ద. కొత్త పటానికి ముందు బెరియెస్సా లాంటి పేటల మాట వినడానికి ఊరూరా విచారణలు జరగలేదు. అది పార్టీ అవసరం విని గీసిన పటం. ఎదుటివాడు కత్తి తీస్తే మనం చేతులు కట్టుకోవాలా అన్నది దాని సమర్థకుల వాదం. ఆ వాదంలో బలం లేదని అనలేను, ఆ పటాన్ని మెచ్చుకోనూ లేను.

అయితే ఆ ప్రతిపాదన రాసినవాళ్ళు కూడా కమిషన్‌ను రద్దు చేయమని ఓటర్లను అడిగే సాహసం చేయలేదు. 2010లో రద్దు చేయమని అడిగిన 27వ ప్రతిపాదనకు ఏ గతి పట్టిందో వాళ్ళకు గుర్తుంది. అందుకే గడువు పెట్టారు. 2030 జనగణన అయ్యాక కాంగ్రెస్ పటం తిరిగి పౌరుల చేతికే వస్తుందని అందులోనే రాశారు. అసెంబ్లీ, సెనేట్ పటాలను తాకలేదు. 2021లో 14 మంది గీసినవే నడుస్తున్నాయి. రెండో కమిషన్ కోసం ఆడిటర్ కార్యాలయం 2019లో దరఖాస్తులు తీసుకుంది. ఆ లెక్కన మూడో కమిషన్ పిలుపు 2029లో వస్తుంది. ఫ్రీమాంట్‌లోనో సన్నీవేల్‌లోనో ఓటరుగా నమోదైన తెలుగువారెవరైనా, ఐదేళ్ళుగా ఒకే పార్టీ కింద గానీ ఏ పార్టీ లేకుండా గానీ నమోదై ఉండి, గత మూడు సాధారణ ఎన్నికల్లో రెండిట్లో ఓటేసి ఉంటే, దరఖాస్తు పెట్టుకోవచ్చు.